జూన్‌కు పడావు పేరు

జూన్‌ను జర్మన్లు ఇప్పుడు యూని అంటారు. పాత పేరు బ్రాఖ్‌మోనాట్. బ్రాఖె అంటే పంట వేయకుండా వదిలేసిన నేల, మా నర్సంపేట దిక్కు పడావు అంటామే, అదే. నర్సింగ్ ఉద్యోగం కోసం హన్మకొండలో జర్మన్ నేర్చుకుంటున్న నాకు ఈ నెల పేరు తెగ నచ్చింది.

ఫ్రాంకులు అనే జర్మానిక్ జాతి రాజు షార్లమేన్ పన్నెండు నెలలకూ తన భాషలో పేర్లు పెట్టాడని, ఆయన జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్ చెప్తాడు. రోమ్‌ను ఏలినవాళ్ల పేర్లు జూలై, ఆగస్టులకు ఎక్కితే, 814లో చనిపోయిన ఈ రాజు జూన్‌కు పడావును, జూలైకి ఎండుగడ్డిని, ఆగస్టుకు కోతను పెట్టాడు.

అప్పట్లో ఊరి భూమిని మూడు భాగాలు చేసేవారు. ఒకదాంట్లో చలికి ముందే వేసే రై, గోధుమ. ఇంకోదాంట్లో చలి పోయాక ఓట్స్, బార్లీ. మూడోది పడావు. ఊరి పశువులన్నీ అందులో మేసి, పేడ అక్కడే వేసేవి. జూన్‌లో దాన్ని దున్ని, వచ్చే చలికాలపు పంటకు తయారు చేసేవారు. నెలకు పేరు ఆ దుక్కితో వచ్చిందే.

బాపుకు ఫోన్ చేసి చెప్పిన. పేడ సంగతి వెంటనే అర్థమైంది, మేమూ ఎండాకాలం చెలకల గొర్ల మంద పెట్టిస్తాం. మిగతాది నచ్చలేదు. "మూడో వంతు పడావు వెడితే కౌలెవడు కడ్తడు బిడ్డా?"

సగం భూమి కౌలుకు చేసే మనిషి ఇంకేమంటాడు! అక్కడ మాత్రం అది ఒక్క రైతు ఇష్టం కాదు. ఫలానా భాగం ఈ ఏడు పడావు అంటే ఊరంతా వదలాల్సిందే. 18వ శతాబ్దంలో ఆ ఖాళీ నేలలో క్లోవర్ గడ్డి, ఆలుగడ్డ వేయడం పెరిగింది. పడావు తగ్గిపోయింది, పేరు పాత పంచాంగాల్లో మిగిలింది.

వాన నమ్మకాలు వాళ్లకూ ఉన్నాయి. జూన్ 27న వాతావరణం ఎట్లుంటే ఏడు వారాలు అట్లే ఉంటుందట. కానీ 1582లో పోప్ క్యాలెండర్‌ను పది రోజులు జరపడంతో ఆ పాత రోజు ఇప్పటి లెక్కలో జూలై మొదటి వారంలో పడుతుంది. మన కార్తెలకు ఆ గొడవ లేదు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె, పోప్‌తో పని లేదు. జూన్ 7నో 8నో మిరుగం వస్తుంది, ఆ రోజు ఇంట్లో చేపల పులుసు ఉండాల్సిందే. బాపు పులుసైతే తింటాడు గానీ, నేల జానెడు తడిసేదాకా పత్తి గింజ మాత్రం పెట్టడు.