గోడ మీద చోటు

నార్తోల్ట్ గోడ గురించి మొదలుపెడితే నేనొక పట్టాన ఆపనని మీకు తెలిసిందే. పొద్దున రేడియోలో మళ్ళీ అదే: ఏ-40 రోడ్డు మీద, పోలిష్ వార్ మెమోరియల్ దగ్గర బండ్లు కదలడం లేదట. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళంతో కలిసి పోరాడి చనిపోయిన పోలెండ్ వైమానికుల స్మారకమది, నేను నార్తోల్ట్ గోడ అంటున్నది దాన్నే. పడమటి లండన్ జనానికి మాత్రం అదొక కూడలి పేరు. దానికి కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేశాను. రాత్రిదాకా నన్ను తొలిచింది వేరే సంగతి. ఆ గోడ మీద ఎవరి పేరు ఎక్కాలన్నదానికి మొదట్లో పెట్టుకున్న నియమం.

స్మారకాన్ని 1948 నవంబరు 2న బ్రిటన్ వైమానిక దళాధిపతి లార్డ్ టెడ్డర్ ఆవిష్కరించారు. పోలెండ్‌లో చనిపోయినవాళ్ళని తలుచుకుని సమాధుల దగ్గర దీపాలు పెట్టే రోజది. శిల్పి మియెచిస్వాఫ్ లుబెల్‌స్కి. పోర్ట్‌లాండ్ రాతి స్తంభం, పైన ఎగరబోతున్న కంచు గద్ద, కింద స్క్వాడ్రన్ల (విమాన దళాల) నంబర్లు. పేర్లు మాత్రం 1,200కు కాస్త పైనే. చనిపోయినవాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువ. చోటు చాలదని ఆపరేషన్ మీద వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళనే ఎక్కించారు. అంటే శిక్షణలో పోయినవాళ్ళు లేరు, నేల మీద పనిచేసినవాళ్ళు లేరు.

శిక్షణ అంటే తేలిగ్గా తీసేసే సంగతి కాదు. పోలెండ్‌లో, ఫ్రాన్స్‌లో నేర్చుకున్న చెయ్యి వేగం కావాలంటే థ్రాటిల్‌ని వెనక్కి లాగుతుంది. బ్రిటిష్ విమానంలో ముందుకు తొయ్యాలి. దిగేటప్పుడు కంగారులో పాత అలవాటు పైకొస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వాళ్ళ పాత యుద్ధవిమానం పీజడ్‌ఎల్ పీ-11కి చక్రాలు ఎప్పుడూ కిందే ఉండేవి. బ్రిటిష్ హరికేన్‌కి మడుచుకునే చక్రాలు, దిగేముందు గుర్తుపెట్టుకుని దించాలి. మరిచిపోతే పొట్ట మీద దిగడమే. వేగం కిలోమీటర్లలో కాదు, మైళ్ళలో. ఎత్తు అడుగుల్లో. రేడియోలో మాటలన్నీ ఇంగ్లీషు.

యార్క్‌షైర్ కొండల్లో బక్‌డెన్ పైక్ అని ఒకటుంది, 702 మీటర్ల ఎత్తు. 1942 జనవరి 30న బ్రామ్‌కోట్ వైమానిక స్థావరం నుంచి పోలిష్ సిబ్బందితో శిక్షణకి బయల్దేరిన వెల్లింగ్టన్ బాంబరు, నంబరు ఎన్2848, మంచు తుఫానులో దారి తప్పి ఆ కొండని గుద్దుకుంది. ఎత్తు చూపించే ఆల్టిమీటర్ నిజానికి కొలిచేది గాలి ఒత్తిడిని. కింద నేల ఎంత లేచి ఉందో అది చెప్పదు. ఎక్కడున్నామో తెలియనప్పుడు ముల్లు చూపించే అంకెని నమ్మి లాభం లేదు. ఆరుగురిలో ఐదుగురు పోయారు. మిగిలింది వెనక తుపాకీ గదిలో (టరెట్‌లో) ఉన్న గన్నర్ యూజెఫ్ ఫుష్నియాక్ ఒక్కరే. చీలమండ విరిగింది. మంచులో నక్క అడుగులు కనిపించాయి. ఆకలేసిన నక్క ఊరివైపే పోతుందని వాటి వెంటే పాక్కుంటూ క్రే అనే పల్లెకి చేరారు. 1973లో ఆయనే అక్కడ ఒక శిలువ నిలబెట్టించారు. దాని అడుగున విమానం ముక్కలు పొదిగారు, చిన్న కంచు నక్క తల పెట్టారు. నక్కకి కూడా చోటిచ్చిన మనిషి ఆయన. నార్తోల్ట్ మొదటి నియమం ప్రకారమైతే ఆ ఐదుగురూ లెక్కలోకి రారు, ఎందుకంటే వాళ్ళు వెళ్ళింది శిక్షణకి. నాకు మింగుడుపడనిది అదే.

ఇక నేల మీదివాళ్ళు. హరికేన్ రెక్కల్లో ఎనిమిది బ్రౌనింగ్ తుపాకులు, అన్నీ కలిపి పేల్చితే గుళ్ళు పదిహేను సెకన్లు వస్తాయి. తడి చేరి పైన చలికి గడ్డకట్టకుండా తుపాకీ రంధ్రాల మీద గుడ్డ పేలికలు అంటించేవాళ్ళు. పేల్చగానే అవి చిరిగిపోతాయి. అలా తెరుచుకున్న రంధ్రాల్లో గాలి దూరి, తిరిగొచ్చే విమానం ఈల వేస్తుంది. ఆ ఈల వినగానే పని మొదలు: పెట్రోలు, ఆక్సిజన్, కొత్త గుళ్ళ పెట్టెలు, మళ్ళీ కొత్త పేలికలు. 1940లో నార్తోల్ట్ నుంచి ఎగిరిన పోలిష్ దళం 303 స్క్వాడ్రన్ 126 విమానాలు కూల్చామని లెక్క చెప్పింది. తర్వాతి పరిశోధకులు ఆ అంకెని బాగా తగ్గించారు, అది వేరే గొడవ. ఏ అంకె తీసుకున్నా అందులో ఈ చేతులున్నాయి.

ఇంతవరకు రాశాక, ఆ నియమం పెట్టినవాళ్ళ మీద ఇంత విరుచుకుపడటం న్యాయమేనా అనిపిస్తోంది. 1945 జులై 5న బ్రిటన్ లండన్‌లో ప్రవాసంలో ఉన్న పోలిష్ ప్రభుత్వానికి గుర్తింపు తీసేసి, కమ్యూనిస్టుల చేతిలో ఉన్న వార్సా ప్రభుత్వాన్ని గుర్తించింది. 1946 జూన్ 8 విజయోత్సవ కవాతుకి ఓ పాతికమంది వైమానికుల్ని పిలిస్తే, మిగతా పోలిష్ బలగాలు లేకుండా మేం రామన్నారు. తిరిగి వెళ్దామంటే అక్కడ ఎదురయ్యేది జైలో మరొకటో. అలాంటి స్థితిలో ఉన్నవాళ్ళు చందాలు పోగుచేసి కట్టుకున్న రాయి అది. రాయికి ఒక కొలత ఉంటుంది, ఎక్కడో ఒకచోట గీత గియ్యక తప్పదు. గీసినవాళ్ళు తమ తోటివాళ్ళ పేర్లే వదిలేశారు. ఎంత నలిగి ఉంటారో.

1996లో బాగుచేసినప్పుడు మరో 650కి పైగా పేర్లు చేర్చారు. మంచి పనే, సంతోషం. కానీ నలభై ఎనిమిదేళ్ళు! ఈలోపు ఎంతమంది తల్లులు పోయారు. నా కోపం నియమం మీద కాదని ఇప్పుడు అర్థమవుతోంది, ఆ ఆలస్యం మీద.

వెళ్ళాలనుకునేవాళ్ళు రైస్లిప్ గార్డెన్స్ స్టేషన్లో దిగి వెస్ట్ ఎండ్ రోడ్డు మీద దక్షిణంగా నడవండి. పక్కనే ఆ ఎయిర్‌ఫీల్డు, ఇప్పటికీ పనిచేస్తోంది. బక్‌డెన్ పైక్‌కైతే చలికాలంలో వద్దు, నాలుగింటికల్లా చీకటి, పైన గట్టంతా బురద నేల. శిలువ శిఖరం మీద ఉండదు. శిఖరం నుంచి గోడ పక్కనే దక్షిణానికి కొంత దూరం నడవాలి. చాలామంది శిఖరం చూసి అక్కణ్ణించే దిగిపోతారు.