సాంబారు మూత

ఫోన్ చేసినప్పుడల్లా "ఎండల తిరగకు బిడ్డా" అంటుంది అమ్మ. దుబాయ్‌లో నా పనే అది. జగిత్యాల నుంచి వచ్చి ఆరేళ్లు, వెనక డబ్బా కట్టిన బైక్ మీద జనానికి తిండి మోస్తున్నాను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలు. లంచ్ ఆర్డర్లు కుప్పలుగా పడేదీ అప్పుడే. రైడర్లు కాసేపు కూర్చోవడానికి ఏసీ గదులు పెట్టారు, నిజమే. కానీ మాకు ఆర్డర్‌కు ఇంతని లెక్క. కూర్చుంటే ఎవరిస్తారు?

రెండేళ్ల కింద కరామాలోని ఒక మలయాళీ హోటల్ నుంచి ఇడ్లీ, వడ, సాంబారు తీసుకుని ఊద్ మేతా వెళ్లాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర మూత ఊడినట్టుంది. లిఫ్ట్ ముందు చూస్తే బ్యాగ్ అడుగంతా తడి. తలుపు దగ్గర పెట్టి బెల్ కొట్టి జారుకోవచ్చు, చాలామంది చేసేది అదే. నేను ఫోన్ చేశాను. "మేడమ్, సాంబార్ ఆధా గిర్ గయా." అటునుంచి రెండు క్షణాలు మౌనం. "తెలుగేనా?"

"అవునక్కా."

"ఇడ్లీలు తడిశాయా?"

"లేదక్కా, అవి వేరే డబ్బా."

"అయితే తీసుకురా తమ్ముడూ, చట్నీ ఉందిగా."

తర్వాతి శుక్రవారం ఆ 302 ఫ్లాట్ నుంచి అదే హోటల్‌కు మళ్లీ ఆర్డర్. బిల్లు అడుగున ఆమె రాసిన మాట: సాంబారు మూతకు టేపు వేయండి. ఆ హోటల్ చేట్టన్ (మలయాళంలో అన్న) అప్పటినుంచి అందరి మూతలకూ టేపు చుడుతున్నాడు. పక్క హోటల్ వాళ్లు సగం ధరకు కూపన్లు ఇచ్చినా ఆమె మారలేదు.

యాప్‌కు ఇవేవీ తెలియవు. నేను కౌంటర్ దగ్గర పొట్లం కోసం నిలబడి ఉంటే, కస్టమర్ ఫోన్‌లో ఇరవై నిమిషాలుగా "ఇంకో 5 నిమిషాలు" అనే చూపిస్తుంది. కదలని బైక్ బొమ్మ చూసి, నేనెక్కడో టీ తాగుతున్నాననుకుంటారు. ఇంకా వంట కాలేదని ఫోన్ చేసి చెబితే మాత్రం దాదాపు ఎవరూ తిట్టరు. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ ఆ మాటా పనిచేయదు. ఉపవాసం విడిచే మగ్రిబ్ అజాన్, సూర్యాస్తమయపు నమాజు పిలుపు, ఎవరి కోసమూ ఆగదు.

నన్ను నమ్మే సంగతి వేరు. యాప్ ఒక కంపెనీది, నా వీసా ఇంకో కంపెనీది. ఒకసారి ఎవరో ఆర్డర్ అందలేదన్నారు. తలుపు ముందు పెట్టిన ఫొటో చూపించినా నా జీతంలో 45 దిర్హమ్‌లు కోశారు.

మొన్న జూలైలో చేట్టన్ అడిగాడు, "302 మేడమ్ ఆర్డర్ లేదేంటి?" పిల్లలకు సెలవులు, ఊరెళ్లి ఉంటారన్నాను. సెప్టెంబర్ మొదటి శుక్రవారం కౌంటర్ మీద ప్రింటర్ కర్రుమంది. 302. అడుగున అదే మాట. అప్పటికే చేట్టన్ పళ్లతో టేపు తెంపుతున్నాడు.