స్కైడైవింగ్ నేర్చుకోడానికి ఒళ్ళు రెడీ చేసుకున్న కథ – నా అనుభవం

"విమానంలోంచి కింద పడటానికి ఫిట్‌నెస్ ఎందుకు బాబూ, భూమే లాక్కుంటదిగా" అని మా టీమ్‌లో ఒకాయన జోకేశాడు. టాండెమ్ అయితే నిజంగానే పెద్ద పనుండదు, ఇన్‌స్ట్రక్టర్ మనల్ని ముందు కట్టేసుకుంటాడు, దూకేదీ ఆయనే దింపేదీ ఆయనే. నేను చేరాలనుకున్నది ఏఎఫ్ఎఫ్ (యాక్సిలరేటెడ్ ఫ్రీఫాల్) కోర్సు. అందులో మొదటి జంప్ నుంచే మన ప్యారాచూట్ మన వీపు మీదే ఉంటుంది, చెరో పక్క ఒక ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని దూకుతారు కానీ టైమ్‌కి హ్యాండిల్ లాగాల్సింది మనమే, తెరుచుకున్నాక తిప్పుకుంటూ దిగాల్సింది కూడా మనమే (రేడియోలో చెప్తుంటారు లెండి).

మేముండేది ఫ్రిస్కో, టెక్సస్. దగ్గర్లో ఉన్న డ్రాప్‌జోన్‌కి (స్కైడైవింగ్ చేయించే చోటు) ఫోన్ చేస్తే పేరు కంటే ముందు బరువు అడిగారు. స్టూడెంట్లకి 220 పౌండ్లు లిమిట్, నేను 238. ఇదేదో ఊరికే పెట్టిన రూల్ కాదు, స్టూడెంట్ ప్యారాచూట్ మీద చదరపు అడుక్కి సుమారు ఒక పౌండు మించి పడకుండా చూస్తారు, అందులో మన బరువుతో పాటు గేర్ బరువు కూడా లెక్కే. బరువు పెరిగేకొద్దీ దిగే స్పీడ్ పెరుగుద్ది, ఆ దెబ్బ తగిలేది మోకాళ్ళకీ చీలమండలకీ.

బరువు తగ్గడం గురించి కొత్తగా చెప్పేదేం లేదు, రాత్రి అన్నం మానేశా, పొద్దున్నే నడిచా, తర్వాత మెల్లగా పరిగెత్తా. కష్టమల్లా వీకెండ్‌లే. ఇక్కడ శనివారం వస్తే ఎవరో ఒకళ్ళింట్లో వ్రతమో బర్త్‌డేనో ఉంటది, "ఏంటి తమ్ముడూ డైటింగా, మా వంట నచ్చలేదా" అనే అక్కలని దాటుకుని ఖాళీ ప్లేటుతో బయటపడటం కంటే పరుగే నయం. డాక్టర్ దగ్గర బీపీ కొంచెం ఎక్కువే వచ్చింది, ఉప్పు తగ్గించమన్నాడు, అంటే ఆవకాయకి సెలవు. ఆయన గట్టిగా అడిగిన ఇంకో ప్రశ్న, భుజం ఎప్పుడైనా జారిందా అని. జారిన చరిత్ర ఉంటే ఈ ఆట గురించి గట్టిగానే ఆలోచించుకోవాలి, గంటకి 120 మైళ్ళ గాలిలో చెయ్యి పట్టేస్తే హ్యాండిల్ లాగేదెవరు?

బరువు కంటే ఎక్కువ టైమ్ తీసుకుంది తుంటి, భుజాలు. పొద్దుట్నుంచి రాత్రి దాకా కుర్చీలో కూర్చునేవాడికి తుంటి దగ్గర కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి, ఫ్రీఫాల్‌లో, అంటే ప్యారాచూట్ తెరుచుకునే దాకా కిందకి పడేటప్పుడు, కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం. తుంటి ముందుకి తోసి, గడ్డం ఎత్తి, చేతులూ కాళ్ళూ గాలికి వదిలేయాలి, దీన్నే ఆర్చ్ అంటారు, అప్పుడే మనిషి బోర్లా కుదురుగా పడతాడు, నడుం వంగి కూర్చున్నట్టు అయ్యిందా వెల్లకిలా తిరిగిపోతాడు. దీనికి రోజూ కార్పెట్ మీద బోర్లా పడుకుని ఛాతీ, మోకాళ్ళు ఒకేసారి పైకెత్తి అలాగే పట్టి ఉంచడం ప్రాక్టీస్ చేశా. ఓ రోజు వీడియో కాల్‌లో మా అమ్మ చూసి "ఏంట్రా, నేల మీద ఈత కొడుతున్నావ్?" అంది. స్కైడైవింగ్ అని చెప్పలేదు, నడుం నొప్పికి అన్నా.

కుడి భుజం సంగతి ఇంకోటి. ప్యారాచూట్ హ్యాండిల్ ఉండేది వీపు మీది కంటైనర్ (ప్యారాచూట్ మడిచి పెట్టే సంచి) అడుగున, కుడి మూల. కుడి చెయ్యి వెనక్కి పోయి చూడకుండా దాన్ని పట్టుకోవాలి, అదే టైమ్‌లో బ్యాలెన్స్ కోసం ఎడమ చెయ్యి తల ముందుకి రావాలి, ఆర్చ్ మాత్రం పోకూడదు. మౌస్ పట్టుకునే చెయ్యి అంత వెనక్కి పోనంది. పాత ల్యాప్‌టాప్ బ్యాగ్ అడుగున కుడి వైపు చిన్న పీవీసీ పైపు ముక్క కట్టి, అది తగిలించుకుని హాల్లో బోర్లా పడుకుని వెనక్కి తడుముకునేవాణ్ణి. మొదట్లో వేళ్ళు జిప్పు దగ్గరే ఆగిపోయేవి, భుజం స్ట్రెచ్‌లు చేయగా చేయగా పైపు అందింది. మా ఆవిడ పిల్లల్ని వేరే రూమ్‌లోకి పంపించేసేది.

ల్యాండింగ్‌లో ఫ్లేర్ అని ఉంటుంది, నేల దగ్గర స్పీడ్ తగ్గించడానికి రెండు టాగుల్స్ (ప్యారాచూట్‌ని తిప్పే చేతి పట్టీలు) పైనుంచి తుంటి దాకా ఒకేసారి లాగి పట్టాలి. దానికి తలుపు పైన రెసిస్టెన్స్ బ్యాండ్ కట్టి లాగి ఆపేవాణ్ణి. మోకాళ్ళకి స్క్వాట్స్, మెడకి చిన్న చిన్న ఎక్సర్‌సైజ్‌లు. పీఎల్ఎఫ్ (ప్యారాచూట్ ల్యాండింగ్ ఫాల్) అని దెబ్బ తగలకుండా పడే పద్ధతి ఉంది, రెండు పాదాలూ మోకాళ్ళూ కలిపి పెట్టి, పాదం, పిక్క, తొడ, పిరుదు, వీపు పక్క వరసగా నేలకి ఆనేలా దొర్లాలి. బ్యాక్‌యార్డ్‌లో చిన్న స్టూల్ మీంచి గడ్డిలోకి దూకి దొర్లేవాణ్ణి, పక్కింటాయన కంచె మీంచి "అంతా ఓకేనా" అని అడిగాడు పాపం.

బరువు 217కి వచ్చాక ఫ్రిస్కోలోనే ఉన్న ఐఫ్లై విండ్ టన్నెల్‌కి (కింద నుంచి గాలి కొట్టి మనిషిని తేల్చే గది) వెళ్ళా. డబ్బులకి వెనకాడొద్దు, ఇది చేయండి. కండ బలం చూపిద్దామని బిగుసుకుంటే గాలి ఇటూ అటూ ఊపేస్తుంది. లోపల ఇన్‌స్ట్రక్టర్ బొటనవేలూ చిటికెనవేలూ చాపి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, రిలాక్స్ అవ్వమని ఆ సైగ. ఊపిరి వదిలాక గానీ ఒళ్ళు నిలబడలేదు.

గ్రౌండ్ స్కూల్, అంటే దూకే ముందు నేల మీద చెప్పే క్లాసు, దాదాపు రోజంతా పట్టింది. జంప్ రోజు అసలు పరీక్ష పైన కాదు, కిందే, టెక్సస్ ఎండలో జంప్‌సూట్, హెల్మెట్, వీపు మీద 30 పౌండ్ల పైన గేర్ వేసుకుని విమానం కోసం వెయిటింగ్. పరుగు అక్కడ పనికొచ్చింది. 13,000 అడుగుల పైన తలుపు తీశాక గుండె ఎలాగూ పరిగెత్తుద్ది, కానీ ప్రాక్టీస్ టచ్‌లకి (లాగకుండా హ్యాండిల్‌ని ఊరికే తాకి చూసుకోవడం) చెయ్యి తిన్నగా హ్యాండిల్ మీదకే పోయింది, అది చాలు. ల్యాండింగ్‌లో కూర్చుండిపోయా అనుకోండి. మర్నాడు నొప్పి వచ్చింది మెడకి కాదు, ముంజేతులకి, తొడల లోపలికి.

'A' లైసెన్స్‌కి (స్కైడైవింగ్‌లో మొదటి లైసెన్స్) కనీసం 25 జంప్‌లు కావాలి. స్టూడెంట్లని గాలి గంటకి 14 మైళ్ళు దాటితే ఎక్కనివ్వరు, ఈ వారమంతా ఇక్కడ 20 పైనే ఉంది, కాబట్టి లెవెల్ టూ (కోర్సులో రెండో మెట్టు) వచ్చే శనివారానికి జరిపారు. ఆవకాయ జాడీ మాత్రం ఇంకా పై అరలోనే ఉంది, బీపీ మళ్ళీ చూపించుకోవాలి.