ర్యామ్ చాలకపోతే లినక్స్‌లో హద్దు ఎక్కడ పెట్టాలి?

మారతహళ్లిలో మా పీజీలో ఉండే తమ్ముడొకడు కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతాడు: "అన్నా, బ్రౌజర్, ఆండ్రాయిడ్ స్టూడియో రెండూ తెరిస్తే మౌస్ కూడా కదలట్లేదు, ఇంకో 8 జీబీ వేయించనా?" వాడి లాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఉంది, బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్డంతా తిరిగినా లాభం లేదు. అందుకే, ఉన్న ర్యామ్‌లోనే యాప్‌లు వాడే మెమొరీకి లినక్స్‌లో హద్దు ఎలా పెట్టాలో రాస్తున్నా.

చాలామంది మొదట చెప్పేది యూలిమిట్, అంటే టెర్మినల్‌లో ప్రోగ్రాములకి హద్దు పెట్టే కమాండ్. డెస్క్‌టాప్‌కి అది దండగ అంటాను నేను. ఎందుకంటే ఆ హద్దు ఒక్కో ప్రాసెస్‌కి (నడుస్తున్న ప్రోగ్రాముకి) విడివిడిగా పడుతుంది, క్రోమ్ చూస్తే ట్యాబులు పెరిగేకొద్దీ కొత్త ప్రాసెస్‌లు పుట్టిస్తూనే ఉంటుంది. మనిషికి రెండు బకెట్లే అని బోర్డు పెట్టి, పీజీలోకి ఎంతమందినైనా రానిస్తే ట్యాంకులో నీళ్లు మిగులుతాయా? పైగా అందులో మైనస్ వీ ఆప్షన్ లెక్కేసేది వర్చువల్ అడ్రస్ స్పేస్‌ని, అంటే ప్రాసెస్ తన పేరిట రాయించుకున్న చోటుని, నిజంగా వాడుతున్న ర్యామ్‌ని కాదు. ర్యామ్ కోసమని ఉన్న మైనస్ ఎమ్‌నేమో ఇప్పటి కెర్నల్ (లినక్స్ గుండెకాయ) అసలు పట్టించుకోదు.

హద్దు గుంపు మొత్తానికి పెట్టాలి, ప్రాసెస్‌లని గుంపులు కట్టి హద్దు పెట్టే కెర్నల్ సౌకర్యం సీగ్రూప్స్ ఉన్నది అందుకే. వీటి రెండో వెర్షన్ 2016లో 4.5 కెర్నల్‌తో వచ్చింది, ఫెడోరా 31, ఉబుంటు 21.10 నుంచి డిఫాల్ట్‌గా అదే. ఇప్పటి గ్నోమ్ డెస్క్‌టాప్‌లో మనం తెరిచే యాప్‌లన్నీ, లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ కింద యాప్ స్లైస్ అనే గుంపులోకి వెళ్తాయి, డెస్క్‌టాప్ షెల్ (ప్యానెల్, విండోలు చూపించేది) మాత్రం సెషన్ స్లైస్‌లో వేరేగా ఉంటుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. సిస్టమ్‌డీ కమాండ్ అయిన సిస్టమ్‌సీటీఎల్‌కి యూజర్ ఆప్షన్ ఇచ్చి, సెట్ ప్రాపర్టీతో యాప్ స్లైస్‌కి మెమొరీహై 5జీ, మెమొరీమ్యాక్స్ 6జీ (జీ అంటే జీబీ) అని పెడితే, యాప్‌లు ఎంత కొట్టుకున్నా షెల్‌కి కాస్త చోటు మిగులుతుంది. రీబూట్ చేసినా ఆ సెట్టింగ్ పోదు.

హై దాటితే కెర్నల్ ఆ గుంపుని నెమ్మదింపజేసి మెమొరీ వెనక్కి లాగుతుంది, చంపదు. మ్యాక్స్ దగ్గర ఇక లాగడానికేమీ దొరక్కపోతే ఆ గుంపులోనే ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది, సేవ్ చేయని పని గోవిందా. ర్యామ్‌లో పట్టనిది పక్కన పెట్టే చోటైన స్వాప్‌కి విడిగా మెమొరీస్వాప్‌మ్యాక్స్ ఉంది. డిస్క్ మీద స్వాప్ ఉంటే అది కూడా పెట్టుకోండి, లేదంటే హద్దు దాటిందంతా అక్కడికే పోయి డిస్క్ గిలగిలా కొట్టుకుంటుంది. స్వాప్‌గా జెడ్‌ర్యామ్ అయితే అంత టెన్షన్ లేదు, అది ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది, ఫెడోరా 33 నుంచి డిఫాల్ట్‌గానే వస్తోంది.

మా తమ్ముడికి మాత్రం ప్రస్తుతానికి హై ఒక్కటే పెట్టాను. బిల్డ్ (కోడ్‌ని యాప్‌గా మార్చే పని) నడిచేటప్పుడు బ్రౌజర్ నత్తనడక నడుస్తోందని గొణుగుతున్నాడు, ట్యాబులు మూయరా అంటే వినడు.