కాడి లేస్తాండాది రా

మా నాన్న అంబాసిడర్ ఆరేళ్లుగా గొడ్ల కొట్టంలోనే ఉంది. ఇంజను పట్టేసింది, బ్రేకులు లేవు. తాడు కట్టి లాగితే ముందు బండి ఆగినప్పుడు ఇది పోయి దాన్ని గుద్దుతుంది. అనంతపురంలో ఇంజను పని చేసే మేస్త్రీ దగ్గరకు చేర్చాలంటే మోసుకుపోవాల్సిందే. బాడుగ లారీకి ఎక్కించొచ్చు. కానీ మా వజ్రకరూరు వైపు పల్లెల్లో ఇలా కొట్టాల్లో మూలనపడ్డ పాత కార్లు నాకు తెలిసినవే నాలుగున్నాయి. అన్నీ మళ్లీ రోడ్డెక్కాలని నా కోరిక. అందుకే ట్రాక్టరుకు తగిలించుకునే కారు ట్రైలర్ నేనే కట్టాను.

మామూలు ట్రాలీలో చక్రాల పైన బల్ల ఉంటుంది, కారు ఎక్కించడానికి అంత ఎత్తు పనికిరాదు. చక్రాలను పక్కలకు తీసి, బల్లను నేల నుంచి 22 అంగుళాలకు దించాను. పొడవు 15 అడుగులు, కారు నిలబడే వెడల్పు 6 అడుగులు. పక్క దూలాలకు 100 మి.మీ. సి ఛానల్ (C ఆకారపు ఇనుప దూలం), అడ్డ దూలాలకు 75 మి.మీ. బల్లంతా 5 మి.మీ. చెకర్ ప్లేటు (జారకుండా గీతలున్న ఇనుప రేకు) పరిస్తే ఆ ప్లేటే 350 కిలోలు తూగుతుంది. టైర్ల కింద అడుగున్నర వెడల్పు పట్టీలు రెండు చాలు, సగం బరువు తగ్గింది. ఇరుసులు రెండు, హబ్బులు, కుదుపులు తట్టుకునే కమాన్ పట్టీలు గుంతకల్లులో పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికాయి.

వెల్డింగ్ మా చిన్నాన్న కొడుకుది. మొదటిసారి ఒక పక్క పూర్తిగా అతికించేసరికి వేడికి ఛానల్ లాగేసి, ఎదురు మూలల కొలతలు రెండింటికీ 12 మి.మీ. తేడా వచ్చింది. గ్రైండర్‌తో కోసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి అన్ని చోట్లా టాకింగ్ కొట్టి, అంటే చుక్కలు చుక్కలుగా మాత్రం అతికించి, రెండు మూలలూ కొలిచి, ఈ పక్క కాస్త ఆ పక్క కాస్త అతికిస్తూ వచ్చాం. ఒకరోజు పోయింది. పోనీ, దీని మీద ఎక్కేది మా నాన్న కారు.

ర్యాంపులు ముందు 5 అడుగులవి చేశాం. అంబాసిడర్ పొట్ట బల్ల అంచుకు తగిలేలా ఉంది. 7 అడుగులు చేశాక చైన్ పుల్లర్‌తో మెల్లగా ఎక్కింది. నాలుగు టైర్లకూ బెల్టులు బిగించి, చేని దారిలో ట్రాక్టరు కదిలించాను.

పల్లం దిగేటప్పుడు వేగం 25 దాటగానే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. నాకు చెమటలు పట్టాయి. మెల్లగా వేగం తగ్గించి ఆపాను. వెనకాల నడిచొస్తున్న నాన్న వచ్చి కొక్కెం దగ్గర వంగి చూశాడు.

"ఎనక బారం అయింది. కాడి లేస్తాండాది రా" అన్నాడు.

చిన్నప్పుడు ఎద్దుల బండికి బుడ్డల (వేరుశనగ) కట్టె వేసేటప్పుడు నాన్న మధ్య మధ్యలో నొగలు, అంటే కాడి కట్టే ముందు కొయ్యలు, ఎత్తి చూసేవాడు. ఎద్దుల మెడ మీద కొంచెం బరువు ఉండి తీరాలి. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి, మెడ కింది తాళ్లు గొంతుకు బిగుసుకుంటాయి. మరీ ముందుకు వేస్తే ఎద్దులు మోయలేవు. నేను ఇరుసులను బల్లకు సరిగ్గా నడుమ బిగించాను, అందుకే ముందు కొక్కెం మీద బరువు చాలలేదు. ఈ చిన్న విషయం అక్కడే మరిచాను.

బుడ్డలు కొనే షావుకారి దగ్గర కాటా తెచ్చి, ట్రాక్టరు హుక్కు ఎత్తులోనే ట్రైలర్ ముక్కును, అంటే హుక్కుకు తగిలించే ముందు కొసను, దాని మీద ఆనించాం. ఎత్తు మారితే తూకం తప్పొస్తుంది. 60 కిలోలు చూపించింది. కారు, ట్రైలర్ కలిపి దాదాపు 1,800 కిలోలు. అందులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముక్కు మీద ఉండాలి, అంటే తక్కువలో తక్కువ 180. కారును ముందుకు జరిపితే కొంత సర్దుకునేది. కానీ రేపు ఇంకో కారు ఎక్కిస్తే మళ్లీ ఇదే గొడవ. కమాన్ పట్టీల బ్రాకెట్లు కోసి రెండు ఇరుసులనూ అడుగు వెనక్కి జరిపాం. మళ్లీ కాటా మీద పెడితే 183. నాన్న ముల్లు వైపు చూడలేదు, ముక్కును చేత్తో ఎత్తబోయి వదిలేశాడు. "ఇప్పుడు సరే" అన్నాడు.

అదే పల్లం, అదే వేగం. ట్రైలర్ నా వెనకే ఊగకుండా వచ్చింది. దిగి చూస్తే మట్టిలో పొద్దునటి వంకర గీతల మీద కొత్త టైర్ల గీతలు తిన్నగా ఉన్నాయి. వాటి ఫోటో తీసి ఫోన్లో దాచుకున్నాను.

ఇంకా పెద్ద రోడ్డు ఎక్కించలేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, రిజిస్ట్రేషన్ లేకుండా తిప్పకూడదు. ఆ కాగితాల పని మొదలుపెట్టాను. ఈలోగా ట్రైలర్‌కు సొంత బ్రేకులు, వెనక లైట్లు, కొక్కెం ఊడినా పట్టి ఉంచే గొలుసులు రెండు అమర్చాలి. గొలుసులు ఒకదానికొకటి అడ్డంగా కట్టమని నాన్న నిన్న రాత్రి కూడా గుర్తుచేశాడు.