మాత్రల స్ట్రిప్పు, మదర్‌బోర్డు

మా అమ్మ వేసుకునే బీపీ మాత్రల స్ట్రిప్పు వెనుక చిన్న అక్షరాల్లో సంగారెడ్డి జిల్లా చిరునామా ఉంటుంది. మొన్న దుమ్ము తుడుద్దామని విప్పిన నా పాత కంప్యూటరు మదర్‌బోర్డు మీద మాత్రం చైనాలో తయారైనట్టు రాసి ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినందువల్ల మన దేశం బాగుపడిందా, నష్టపోయిందా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఈ రెండే గుర్తుకొస్తాయి.

1995 జనవరి 1న ఆ సంస్థ ఏర్పడిన నాటి నుంచీ భారత్ అందులో సభ్యదేశం. మందుకే పేటెంటు ఇవ్వాలన్న ఆ సంస్థ నిబంధనను అమలు చేయడానికి మనకు పదేళ్ల గడువు దొరికింది. 1970 నాటి చట్టం మందుకు కాక దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చేది కాబట్టి, అదే మందును మరో దారిలో తయారుచేసే నేర్పు మన రసాయన శాస్త్రజ్ఞులకు అప్పటికే అబ్బింది; హైదరాబాద్ బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చినవారు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 2005లో మందుకే పేటెంటు ఇవ్వక తప్పని రోజు వచ్చేసరికి హైదరాబాద్ కంపెనీలు అమెరికాలో జెనరిక్ మందులు, అంటే పేటెంటు అడ్డు లేని మందులకు చవక ప్రతిరూపాలు, అమ్ముతున్నాయి. పాత మందునే కాస్త మార్చి కొత్త పేటెంటు అడిగితే కుదరదనే నిబంధనను పార్లమెంటు ఆ ఏడాదే చట్టంలోని 3(డి) సెక్షన్‌లో చేర్చింది. గ్లివెక్ అనే క్యాన్సర్ మందుకు సుప్రీంకోర్టు 2013లో పేటెంటు నిరాకరించింది దాని ఆధారంగానే. నిబంధనల్లో ఉన్న వెసులుబాటును మనం ఇంత శ్రద్ధగా వాడుకున్న రంగం నాకు మరొకటి కనిపించదు.

ఎలక్ట్రానిక్స్‌లో ఆ శ్రద్ధ లేదు. కంప్యూటర్ల వంటి వాటి మీద దిగుమతి సుంకాలు ఎత్తేయాలనే సమాచార సాంకేతిక ఒప్పందంలో 1997లో చేరి, 2005 నాటికి వాటి మీద సుంకాన్ని సున్నాకు తెచ్చాం. చవకగా దొరికిన యంత్రాలు సాఫ్ట్‌వేర్ రంగానికి ఊతమిచ్చిన మాట నిజమే. కానీ కరెంటు కోతలు, రేవుల్లో జాప్యం అలాగే ఉండగా తలుపులు తెరవడంతో ఇక్కడి హార్డ్‌వేర్ తయారీ నిలదొక్కుకోలేకపోయిందని నా అభిప్రాయం.

చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో 2001 డిసెంబరులో చేరింది. అప్పటికే అక్కడ రేవులు, భారీ కర్మాగారాలు సిద్ధంగా ఉన్నాయి. అక్కడి నుంచి చవకగా దిగిన పెన్సిలిన్ ముడిసరుకు ముందు మన ఫ్యాక్టరీలు నిలవలేకపోయాయి. మందులు మనవే అయినా వాటి మూలపదార్థాలకు పరాయి దేశం మీద ఆధారపడ్డాం. చివరికి 2020 నాటి ఉత్పత్తి ప్రోత్సాహక పథకం కింద కాకినాడ జిల్లాలో పెన్సిలిన్-జి అనే ఆ ముడిసరుకు ప్లాంటును మళ్లీ మొదటి నుంచి కట్టుకోవలసి వచ్చింది.