ఎడమచేతి గాజు

పొద్దున పెసరట్ల పిండి రుబ్బి, గ్రైండర్ కడగబోతూ గాజులు పైకి తోసుకున్నాను. కుడిచేతిది ఎప్పటిలాగే మోచేతివైపు జారింది. ఎడమచేతిది మణికట్టుకు నాలుగు వేళ్ల పైన ఆగిపోయింది. నొప్పి లేదు, కంటికి ఆనే వాపూ లేదు. వారం రోజులుగా ఆ చెయ్యి కాస్త బరువుగా ఉంటే, నిద్రలో ఒత్తుకుందేమో అనుకున్నాను. గాజు తీస్తే చర్మం మీద సన్నని గీత. కాఫీ తాగడం అయ్యేదాకా పోలేదు.

నా సైజు రెండు నాలుగు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఆ చేతికి బిగుతైనవి వద్దన్నారని బీసెంట్ రోడ్డులో రెండు ఆరు కొనుక్కున్నాను. రెండింటికీ చుట్టుకొలతలో తేడా ఒక్క సెంటీమీటరే. ఆ వదులు ఇవాళ లేదు.

కుట్టుపెట్టెలోంచి టేపు తీసి, మణికట్టు నుంచి పది సెంటీమీటర్ల దగ్గర చుక్క పెట్టి రెండు చేతులూ కొలిచాను. కుడి 22. ఎడమ కిందటి నెల 22, ఇవాళ 23.5. తేడా రెండు సెంటీమీటర్లు దాటితే వాపు కింద లెక్కగడతారట. అంతదాకా ఆగబుద్ధి కాలేదు. పదిన్నరకల్లా ఫిజియోథెరపీ అమ్మాయి ముందు కూర్చున్నాను.

ఆమె ముంజేతి మీద బొటనవేలితో నొక్కి పట్టి వదిలింది. చిన్న గుంట పడి, మెల్లగా పూడింది. "గుంట పడుతోందంటే ఇంకా నీరేనమ్మా, గట్టిపడలేదు. మంచి సమయంలో వచ్చారు" అంది.

రెండేళ్ల కిందట రొమ్ముతో పాటు చంకలోని బిళ్ళలు, అంటే గ్రంథులు, పద్నాలుగు తీశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. చేతిలోంచి లింఫు అనే ద్రవం వెళ్లే దారి అదే. లాకు మూసిన కాలువలా నీరు వెనక్కి నిలుస్తుంది. ఉత్త నీరు కాదు, అందులో ప్రోటీను ఉంటుంది. ఏళ్ల తరబడి నిలిస్తే మేట వేసినట్టు చర్మం కింద గట్టిపడుతుంది, అప్పుడు వెనక్కి తేవడం కష్టం. మూత్రం మాత్రలు వేసుకుంటే దిగిపోతుందని పక్కింటావిడ అంటోంది కానీ, ఈ వాపుకు అవి పనిచేయవు.

నాకు బాధ కలిగించేది ఒకటే. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మందులన్నీ ఉన్నాయి, ఈ వాపు గురించి ఒక్క ముక్క లేదు. నాతో పాటు వార్డులో ఉన్న వాళ్లలో ఎంతమంది చెయ్యి బరువెక్కినా వయసే అనుకుంటున్నారో!

ఫిజియోథెరపీ అమ్మాయి, పగలు తొడుక్కోవడానికి చెయ్యంతా నొక్కి పట్టే స్లీవ్ కొలత తీసుకుంది. మర్దన నేర్పింది. నేను గట్టిగా రుద్దబోతే ఆపి, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు చర్మం మాత్రమే కదలాలంది. ముందు మెడ, కుడి చంక, ఆ తర్వాతే ఈ చెయ్యి. దారి ఖాళీ చేసి నీటిని పంపాలి కదా. బరువులు అసలు ఎత్తవద్దన్న పాత మాట కూడా తప్పట. కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఎత్తితే వాపు పెరగదని 2009లోనే అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. రెండేళ్లుగా బిందె కూడా ఎత్తనివ్వని మా ఇంట్లోవాళ్లకు ఈ సంగతి ముందు చెప్పాలి.

సాయంత్రం గుంటూరులోని పిన్నికి ఫోను చేశాను. ఆవిడకూ ఇదే ఆపరేషనై ఆరు నెలలు. టేపు తెచ్చుకోమన్నాను. చెయ్యి ఎర్రబడి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరకు వెళ్లమన్నాను.

"ఏ చెయ్యి కొలవనే?"

"రెండూ కొలువు పిన్నీ. నేను రాసుకుంటాను, చెప్పు."